కొండెక్కిన దీపం

ఆ మధ్య ఒక ఆదివారం ఉదయం మా యింట జరిగిన చిన్న ముచ్చట ముందుగా మనవి చేస్తాను. మా ఇల్లాలు వంటింటిలోనుంచి, "బియ్యం నిండుకున్నాయి, సంచి తీసుకొని బయలుదేరండి" అన్నది. వసారాలో ఆడుకొంటున్న మనుమడు తలెత్తి, "నిండుకుంటే మళ్ళీ కొనడమెందుకు తాతయ్యా?" అన్నాడు.

అందరమూ నవ్వుకొన్నాము. పిల్లవాని తర్కంలో తప్పేమీ లేదు. వాడికి 'నిండు' అన్న మాట తెలుసు. అన్నం పెట్టే వస్తువు అయిపోయిందని నోటితో అనరాదు గనుక, లేమిని కూడ నిండుగా మార్చి చెప్పిన మన ఆడవారి మర్యాద వాడికి తెలియదు. దీపం ఆరిపోయిందనక కొండెక్కిందన్నారు; చీకటివేళ పామనక పురుగన్నారు. ఇవి నిఘంటువు చూచి నేర్చుకొనే మాటలు కావు. ఇంట్లో ఎవరో అనాలి, పక్కన పిల్లవాడు వినాలి. అంతే దారి.

నవ్వితే నవ్వినాము గాని, ఆ రోజంతా ఒక ప్రశ్న నన్ను వదలలేదు. కన్నవూరు విడిచి వచ్చినవారి భాష పరాయిచోట ఎన్ని తరాలు నిలుస్తుంది? నిలవకపోతే ఎలా పోతుంది? ఎవరైనా వచ్చి లాగివేస్తారా, లేక మనమే చేయి వదులుతామా? చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబులున్నవి. వాటిలో కొన్ని మన తెలుగువారివే. ఒకటి మాత్రం చాల దూరదేశపుది. ఉగాదినాడు పచ్చడిలో వేపపువ్వు కూడ ఉండాలి గదా అన్న ధైర్యంతో ఆ కథలు ఇక్కడ చెబుతున్నాను.

రాజ్యాంగంలో ఉన్నది, వంటింటిలో లేదు

భారతదేశానికి వెలుపల ఒక దేశపు రాజ్యాంగంలో తెలుగు పేరు అచ్చయి ఉన్నదన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. అది దక్షిణాఫ్రికా. 1996లో ఆ దేశం తయారుచేసుకొన్న రాజ్యాంగంలో ఆరవ అధికరణం భాషలను గురించినది. ఆ దేశపు సమాజాలు వాడే భాషలకు ప్రోత్సాహము, గౌరవము కల్పించాలని చెబుతూ జర్మను, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళము, ఉర్దూలతోపాటు తెలుగును కూడ పేరుపెట్టి చెప్పినారు. చదివినప్పుడు ఛాతీ పొంగుతుంది. కాని డర్బనులో ఒక తెలుగు ఇంటికి వెళ్ళి కూర్చుంటే చాలవరకు వినిపించేది ఇంగ్లీషు.

అక్కడికి మనవారు ఎలా వెళ్ళినారు? 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసునుండి డర్బను రేవుకు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నేటాలులోని చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన మొదటి బృందం అదే. 1911లో ఈ పద్ధతి ఆగేవరకు సుమారు లక్షా యాభైరెండువేలమంది ఆ దారిన వెళ్ళినారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానివారు. తమిళులతోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తరార్కాడు ప్రాంతాల తెలుగువారు. ఒప్పందం అయిదేళ్ళకు. తిరిగి వచ్చినవారు కొందరు, రానివారు అధికం.

వారు భాషను తేలికగా వదలినారనుకోవడం అన్యాయం. పగలంతా చెరకు నరికి, రాత్రి భజనలు పాడినారు. గుళ్ళు కట్టుకొన్నారు. 1931లో ఆంధ్రమహాసభ స్థాపించుకొన్నారు. సాయంకాలపు బడులు పెట్టి, దొరికిన పెద్దబాలశిక్షతో పిల్లలకు అక్షరాలు దిద్దించినారు. 1951 నాటి జనాభా లెక్కలలో తమ ఇంటిభాష తెలుగని చెప్పుకొన్నవారు అక్కడ సుమారు ముప్పైవేలమంది. మరి ముప్పై సంవత్సరాలకు ఆ లెక్క కొద్దివేలకు దిగజారింది. మనుషులు ఎక్కడికీ పోలేదు, నానాటికీ పెరిగినారు కూడ. పోయినది మాట మాత్రమే.

కారణాలు వెదకితే ఏ ఒక్కదానిమీదా నేరం మోపలేము. బడి ఇంగ్లీషులో నడిచింది. ఉద్యోగం ఇంగ్లీషు అడిగింది. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం జనాన్ని పాతపేటలనుంచి పెళ్ళగించి కొత్తచోట్లకు తరలించగా, ఉమ్మడి కుటుంబాలు చీలినవి. తాత ఒకచోట, మనుమడు ఒకచోట అయినారు. ఇంట్లో నాయనమ్మ ఉన్నంతకాలం పిల్లలకు తెలుగు వినక తప్పలేదు. ఆమె లేని ఇంట్లో తల్లిదండ్రులిద్దరికీ ఇంగ్లీషు వచ్చు గనుక, అదే సులువైంది. ఒక తరం రెండు భాషలూ మాట్లాడింది. రెండవ తరం తెలుగు విని ఇంగ్లీషులో జవాబు చెప్పింది. మూడవ తరం వినడానికి ఎవరూ మిగలలేదు.

మారిషసు కథ దీనికి తోబుట్టువు. అక్కడికి మనవారు అంతకన్న ముందే, కోరంగి రేవునుండి ఓడలెక్కినారు. ఈనాటికీ ఆ ద్వీపంలో ఉగాదికి ప్రభుత్వం సెలవు ఇస్తుంది. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. ఏ జిల్లానుంచి వెళ్ళినారో ఆ పండుగల పేర్లే చెబుతున్నవి. బడులలో తెలుగు పాఠం ఉన్నది; మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో పైచదువు కూడ ఉన్నది. కాని చాల ఇళ్ళలో తల్లి బిడ్డను పిలిచే భాష క్రియోలు. అక్కడ తెలుగు ఒక పాఠ్యాంశం, ఒక ఆరాధన, ఒక గుర్తు. అంతమాత్రం నిలుపుకొన్నందుకే వారికి చేయెత్తి నమస్కరించాలి. అయితే పాఠంగా నిలిచిన భాషకూ, పలుకుగా నిలిచిన భాషకూ ఉన్న భేదం, పూజాగృహంలోని తులసికీ, పెరటిలోని తులసివనానికీ ఉన్న భేదం వంటిది.

కూతురి కట్నానికి తాకట్టుపడిన దీవులు

ఈ దారి చివరకు ఎక్కడికి పోతుందో తెలియాలంటే, ఆ దారి పూర్తిగా నడచిముగించిన ఒక భాషను చూడాలి. దాని పేరు నార్న్.

స్కాట్లండు ఉత్తరపుకొసకు సుమారు పదిమైళ్ళ దూరాన ఆర్క్‌నీ దీవులున్నవి. ఇంకా ఉత్తరంగా, నడిసముద్రంలో షెట్‌లండు దీవులున్నవి. ఎనిమిది తొమ్మిది శతాబ్దులలో, అంటే మన దేశంలో రాష్ట్రకూటులు, తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజులలో, నార్వేనుంచి పడవలమీద జనం వచ్చి ఈ దీవులలో కాపురం పెట్టినారు. అంతకుముందు అక్కడ ఉన్న పిక్టుల భాష ఈ వలసవారి భాషముందు నిలువలేక మాసిపోయింది. వలస వచ్చినవారి భాష ఊరి భాషను మింగివేసిన ఉదాహరణ అది. తరువాత ఏడువందల ఏళ్ళకు వారి వంతు కూడ వచ్చింది.

వారు తెచ్చినది ప్రాచీన నార్సు. నార్వే, ఐస్‌లండు, ఫారో దీవుల భాషలకు మూలం అదే. ఈ దీవులలో అది తనదైన నడక నేర్చుకొని 'నార్న్' అయింది. ఊళ్ళకూ, గుట్టలకూ, సముద్రపు పాయలకూ పేర్లన్నీ ఆ భాషలోనే పెట్టుకొన్నారు. భూమి హక్కుకు వారి న్యాయం వారిదే. 'ఊడల్' అనే ఆ పద్ధతిలో భూమి రాజు ఇచ్చినది కాదు, వంశానిది.

ఇంతలో ఒక పెండ్లి వచ్చింది. 1468లో డెన్మార్కు, నార్వేలను ఏలుతున్న మొదటి క్రిస్టియను రాజు తన కూతురు మార్గరెట్టును స్కాట్లండు రాజు మూడవ జేమ్సుకు ఇచ్చినాడు. కట్నం అరవైవేల ఫ్లోరినులు. రాజుగారి వద్ద రొక్కం లేదు. యాభైవేలకు ఆర్క్‌నీ దీవులను తాకట్టు పెట్టినాడు. మిగిలిన పదివేలలో రెండువేలు మాత్రమే చేతికి వచ్చినవి. తక్కిన ఎనిమిదివేలకు మరుసటి ఏడు, 1469లో, షెట్‌లండునూ తాకట్టు పెట్టినాడు. ఆ తాకట్టు మరి విడిపించినవారు లేరు. 1472లో స్కాట్లండు ఆ దీవులను తన రాజ్యంలో కలుపుకొన్నది. కట్నానికి పొలం పోవడం మనం ఎరుగుదుము; కట్నానికి ఒక భాష పోవడం ఇక్కడే చూస్తున్నాము.

పోవడమంటే మర్నాడే పోలేదు. యుద్ధం జరుగలేదు. ఈ భాష మాట్లాడరాదని దండోరా వేసినవారు కూడ లేరు. స్కాట్లండునుంచి భూస్వాములు వచ్చినారు, మతాచార్యులు వచ్చినారు, వర్తకులు వచ్చినారు. చర్చిలో ఉపన్యాసం స్కాట్సు ఇంగ్లీషులో. కోర్టులో దస్తావేజు ఆ భాషలో. సంతలో బేరం ఆ భాషలో. షెట్‌లండులో స్కాండినేవియా భాషలో వ్రాసిన కడపటి పత్రం 1607 నాటిది. నార్న్‌లో బైబిలు అచ్చు కాలేదు, వాచకం పుట్టలేదు. నార్న్ ఇంటికీ, పొలానికీ, పడవకూ పరిమితమైంది. అయినా ఇల్లు, పొలం, పడవ ఉన్నంతకాలం అది మరి రెండువందల ఏళ్ళు బ్రతికింది.

ఇక్కడ మనం గమనించదగిన విషయం ఒకటున్నది. నార్న్, స్కాట్సు రెండూ జర్మానిక కుటుంబపు భాషలే, అయితే ఒకటి ఉత్తరశాఖ, ఒకటి పశ్చిమశాఖ. ఇంటిని ప్రాచీన నార్సులో 'హూస్' అన్నారు. స్కాట్సులోనూ పలుకుబడి 'హూస్' అనే. ఇటువంటి మాటలు వందలకొద్దీ ఉండగా ఒకదానినుంచి ఒకదానికి జారుకోవడం తెలియకుండానే జరుగుతుంది. తెలుగు, కన్నడాల సంబంధమూ ఇటువంటిదే. రెండూ ద్రావిడభాషలు; తెలుగు దక్షిణమధ్యశాఖ, కన్నడం దక్షిణశాఖ. మన పాలు వారికి హాలు, పులి హులి, పువ్వు హూవు, పల్లె హళ్ళి. ఊరు ఇద్దరికీ ఊరే. దూరపుభాష ఎదురైతే గోడ కనబడుతుంది. దగ్గరిభాష ఎదురైతే గడప కూడ కనబడదు.

తండ్రి మురిపెం

నార్న్ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించినది రాజుల తాకట్టు కాదు, ఒక పేదతండ్రి మాట. షెట్‌లండు జనం నోట మిగిలిన నానుడి అది. తన కొడుకు కేత్‌నెస్సుకు, అంటే స్కాట్లండు గడ్డమీదికి, వెళ్ళివచ్చినాడట. ఆ వెళ్ళిన వేళ ఎంత మంచివేళో అని ఆ తండ్రి సంబరపడుతున్నాడు. ఎందుకంటే, కొడుకిప్పుడు ఆడగుర్రాన్నీ, బార్లీనీ, నిప్పునూ, పట్టుకారునూ స్కాట్సు పేర్లతో పిలువగలడు. నిప్పును ఇంటివారు 'ఎల్డ్' అంటే కొడుకు 'ఫైర్' అంటున్నాడు. తండ్రి పొంగిపోతున్నాడు. ఆ పొంగిపోవడం మాత్రం ఇంకా నార్న్‌లోనే ఉన్నది!

ఈ నానుడిలో కొందరికి ఎగతాళి వినబడుతుంది. నాకు వినబడేది మురిపెమే. ఆ తండ్రిని తిట్టడానికి నాకు నోరు రాదు. పిల్లవాడు బాగుపడాలని కోరుకొన్నాడు. అంతకన్న చేసిన ద్రోహం లేదు. మనలో ఎవరు ఆ మాట అనలేదు? పిల్లవాడు మొదటిసారి 'వాటర్' అన్నప్పుడు చుట్టాలను పిలిచి చెప్పినవారము, చిలుకను 'పేరట్' అంటే ముద్దుపెట్టుకొన్నవారము మనమే. కొత్తమాట నేర్చినందుకు మురియడం తప్పుకాదు. పాతమాట మరచినప్పుడు గుర్తించకపోవడమే తప్పు. నార్న్‌వారికి స్కాట్సు వచ్చినందువల్ల నార్న్ చావలేదు. రెండు మూడు శతాబ్దులు రెండు భాషలతోనూ హాయిగా బ్రతికినారు. డచ్చి జాలరులతో బేరాలకు డచ్చి మాటలు కూడ నేర్చినారు. ఎప్పుడైతే తల్లిదండ్రులు తమలో తాము నార్న్ మాట్లాడుకొంటూ, బిడ్డలవైపు తిరిగి స్కాట్సు మాట్లాడినారో, అప్పుడే దీపంలో చమురు అయిపోయింది.

పాట మిగిలింది, అర్థం పోయింది

1774లో జార్జి లో అనే మతాచార్యుడు షెట్‌లండులోని ఫౌలా అనే చిన్నదీవికి వెళ్ళినాడు. అక్కడ గుట్టొర్ముకు చెందిన విలియం హెన్రీ అనే వృద్ధుడు ఒక పాతపాట పాడినాడు. నార్వే రాకుమారి హిల్డినా కథ అది, ముప్పైఅయిదు చరణాలు. ఆ ముసలాయనకు కథ తెలుసు. అక్కడక్కడ మాటలు తెలుసు. కాని చరణానికి చరణం అర్థం చెప్పలేకపోయినాడు. వ్రాసుకొన్న జార్జి లోకు ఆ భాష బొత్తిగా రాదు. చెవికి వినబడినట్లు వ్రాసుకొన్నాడు. పాడినవానికి సగమే తెలిసి, వ్రాసినవానికి ఏమీ తెలియక ఒక మహాగాథ కాగితంమీదికి ఎక్కింది. నూటపాతికేళ్ళ తరువాత, 1900లో, మారియుస్ హెగ్‌స్టాడ్ అనే నార్వే పండితుడు ఆ అక్షరాలను విప్పి అర్థం చెప్పవలసి వచ్చింది. అప్పుడే లో గ్రహించుకొన్న క్రైస్తవ ప్రార్థనలో 'స్వర్గరాజ్యం' అన్న మాట 'చిమెరి' అని ఉన్నది. దాని మూలం ప్రాచీన నార్సులో 'హిమిన్‌రీకి'. మాట ఎంత అరిగిపోయిందో చూడండి!

ఆ తరువాత ఏడెనిమిది దశాబ్దాలకు, షెట్‌లండు ఉత్తరపుకొసన అన్‌స్ట్ దీవిలోని స్కా అనే చోట, వాల్టర్ సదర్‌లండు అనే ఆయన మరణించినాడు. 1850 ప్రాంతమది. నార్న్ తెలిసిన కడపటి మనిషి ఆయనేనని చెబుతారు. ఆయనకు కూడ భాష ఎంతవరకు వచ్చునో పండితులకు అనుమానమే. చివరి మనిషి అనేవాడు ఎప్పుడూ నిజంగా చివరివాడు కాడు. ఎదుట జవాబు చెప్పే రెండవ మనిషి పోయినప్పుడే భాష పోయినట్లు.

ఇక మిగిలినవి మాటలు. ఫారో దీవులకు చెందిన యాకోబ్ యాకోబ్‌సెన్ 1893 నుండి 1895 వరకు షెట్‌లండులో ఇంటింటికీ తిరిగి సుమారు పదివేల నార్న్ మాటలు ప్రోగుచేసినాడు. గాలి, వాన, అల, గొర్రె రంగు, మనిషి నడక: ఇంగ్లీషులో సరిగా ఒదగని సంగతులన్నిటికీ జనం పాతమాటలే పట్టుకొని ఉన్నారు. అన్నిటికన్న వింత జాలరులది. 'హాఫ్', అంటే నడిసముద్రం, చేరగానే కొన్ని మాటలు అనరాదని వారి నియమం. చర్చిని చర్చి అనరాదు, 'బెనిహూస్' అనాలి. ప్రార్థన ఇల్లు అని దాని అర్థం. మతాచార్యుడి పేరెత్తరాదు, 'అప్‌స్టాండర్' అనాలి. లేచి నిలబడేవాడు అన్నమాట. గడ్డమీద మరచిన భాషను ప్రాణభయం ఉన్నచోట మాత్రం మరువలేదు. ఇది చదివినప్పుడే నాకు మా యింటి బియ్యపుడబ్బా, మనుమడి ప్రశ్న గుర్తుకు వచ్చినవి. కొండెక్కిన దీపం, నిండుకొన్న బియ్యం: మన 'హాఫ్' మాటలు ఇవే గదా!

యాకోబ్‌సెన్ నిఘంటువు మహత్తరమైన గ్రంథం. కాని నిఘంటువు చూచి ఏ తల్లీ బిడ్డను జోకొట్టలేదు.

అదే తల్లి మరొక బిడ్డ

భాషలు పుట్టి పెరిగి చస్తాయి, దానికి ఎవరేమి చేయగలరని మనలో కొందరు పెద్దలు అంటారు. వారికి యాకోబ్‌సెన్ పుట్టిన ఫారో దీవులనే జవాబుగా చూపవచ్చును. అవీ చిన్నదీవులే, ఆ జనమూ నార్వేనుంచి వచ్చినవారే, తెచ్చుకొన్న భాషా అదే ప్రాచీన నార్సు. అక్కడా చర్చి, కోర్టు, బడి పరాయిభాషలోనే, డేనిష్‌లోనే నడచినవి. 1846లో హమర్స్‌హైంబ్ అనే ఆయన వ్రాతపద్ధతి ఏర్పరచేవరకు ఆ భాషకు స్థిరమైన వ్రాతే లేదు. అయినా 1948లో స్వపరిపాలన వచ్చినప్పుడు అదే దీవుల ప్రధానభాష అయింది. ఈనాడు పత్రికలు, పాఠశాలలు అందులో నడుస్తున్నవి. మాట్లాడేవారు ఎంతమంది? లక్షకు లోపు. మన బెంగుళూరులో రెండు మూడు పేటల జనం.

భేదం ఎక్కడ? ఫారోకు పరాయిభాష అధికారులతో వచ్చింది గాని, కాపురాలతో రాలేదు. డేనిష్ ఆదివారపు భాషగా ఉండిపోయింది. ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. రాత్రులు చేయిచేయి పట్టుకొని వలయంగా ఆడుతూ వందల చరణాల గాథలు పాడుకొన్నారు, అర్థం తెలిసి పాడుకొన్నారు.

ఇటువంటి ఉదాహరణ మనకూ ఉన్నది. సింహళంలో అహికుంటకులనే పాములవాళ్ళు ఉన్నారు. ఊరూరా తిరుగుతూ పాములనాడించి, కోతులనాడించి, చేయిచూచి పొట్టపోసుకొన్న సంచారజాతి. ఇరవయ్యవ శతాబ్దిలో కుడాగమ, కలవెవ, అలిగంబె వంటి పల్లెలలో స్థిరపడినారు. బయట సింహళం, తమిళం మాట్లాడినా, గుడారంలో వారి భాష తెలుగు. వారికి అక్షరం లేదు, సభ లేదు, సంచిక లేదు. సముద్రం దాటి ఎన్నో తరాలైనా పిల్లలతో తెలుగే మాట్లాడినారు గనుక తెలుగు నిలిచింది. బడులు పెట్టిన డర్బనులో సన్నగిల్లిన భాష, బడి ఎరుగని గుడారంలో బ్రతికింది. పల్లెలలో స్థిరపడి పిల్లలు సింహళపు బడులకు వెళుతున్న తరువాత అక్కడా ఆ తెలుగు తగ్గుముఖం పట్టింది. దీనినిబట్టి బడి వద్దని నేను అనడంలేదు. బడి చేయలేని పని ఒకటి ఇంట్లో ఉన్నదని అంటున్నాను.

మన ఊరి మాట

ఇక మన బెంగుళూరుకు వద్దాము. ఇక్కడ మనం నిన్నమొన్న వచ్చినవారము కాము. 1537లో ఈ నగరాన్ని కట్టించిన కెంపెగౌడ ప్రభువు పేర 'గంగాగౌరీ విలాసము' అనే యక్షగానం తెలుగులో ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దిలో మైసూరు సేనాని కళువె వీరరాజు భారతాన్ని తెలుగు వచనంలో వ్రాసినాడు. చిక్కబళ్ళాపురం జిల్లా కైవారంలో నారాయణప్ప తాతయ్య తెలుగులో తత్త్వాలు చెప్పినాడు. ఆ తత్త్వాలను కన్నడలిపిలో అచ్చువేసుకొని ఈనాటికీ పాడుకొంటారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుండి 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించినారు. మైసూరు వాసుదేవాచార్యులవారు తెలుగులో కృతులు రచించినారు. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ ప్రాంతాలలో ఒకే నాలుక రెండు భాషలూ పలుకుతుంది. 2011 జనాభా లెక్కలలో తమ మాతృభాష తెలుగని వ్రాయించుకొన్నవారు కర్ణాటకలో సుమారు 35 లక్షలమంది. ఈ గడ్డ మనలను ఎన్నడూ పరాయివారిగా చూడలేదు. ఈ కన్నడతల్లి అన్నం తింటూ కన్నడం నేర్వనివాడు కృతఘ్నుడని నా అభిప్రాయం. కన్నడం నేర్చినందువల్ల ఏ పిల్లవాడూ తెలుగు మరచిపోడు. కైవారం తాతయ్యే సాక్షి.

కాని ముప్పైఅయిదు లక్షలని లెక్క చూచి గుండెమీద చేయి వేసుకొని నిద్రపోరాదు. 1951లో డర్బనువారికి ముప్పైవేల లెక్క కూడ ధైర్యంగానే కనబడి ఉంటుంది. జనాభా లెక్కలవారు అడిగేది నీ మాతృభాష ఏది అని. నిన్న రాత్రి నీ మనుమరాలికి ఏ భాషలో కథ చెప్పినావని అడుగరు. ఈనాడు మన ఇళ్ళలో తెలుగు చోటు తీసుకొంటున్నది కన్నడం కాదు, ఇంగ్లీషు. భార్యాభర్తలు తెలుగులో మాట్లాడుకొంటారు. పిల్లవానివైపు తిరగగానే మాట మారుతుంది. షెట్‌లండులో జరిగినది సరిగా ఇదే.

1939లో మొదలైన శ్రీరామసేవామండలివారు చామరాజపేట ఫోర్టు హైస్కూలు మైదానంలో రామనవమి సంగీతోత్సవాలు జరుపుతున్నారు. ఎండాకాలపు సాయంకాలాలు ఆ పందిరిలో త్యాగరాజకృతి వినని సంగీతాభిమాని ఈ ఊళ్ళో లేడు. కన్నడిగులు, తమిళులు భక్తితో, అర్థం అడిగి తెలుసుకొని పాడుతున్నారు. మన తెలుగుపిల్లలు కూడ చక్కని గొంతుతో పాడుతున్నారు. వారి చేతిలోని పుస్తకంలో ఆ కృతి ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. ఒకమారు పాట ముగించిన ఒక చిన్నదానిని, "ఏమమ్మా, రాముణ్ణి ఏమని అడుగుతున్నాడు త్యాగయ్య?" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడి, "ట్యూన్ వచ్చునండి, మీనింగ్ రాదు" అన్నది. ఫౌలా దీవిలో విలియం హెన్రీ నాకు కళ్ళయెదుట కనబడినాడు. ఆయన అరవై డెబ్బై ఏళ్ళకు చేరిన చోటికి ఈ చిన్నది పదేళ్ళకే చేరింది. అయితే ఆయనకు అర్థం చెప్పేవారు ఆ దీవిలో మిగలలేదు. ఈ పిల్ల అమ్మమ్మ పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నది! ఆ భేదమే మన అదృష్టం. ఆ భేదం ఎంతకాలముంటుందన్నదే మన ముందున్న ప్రశ్న.

చేయవలసినది పెద్దపని కాదు. సభలు, సన్మానాలు ఉండవలసినవే. ఆదివారపు తరగతులు నడపవలసినవే. కాని వాటికన్న ముందు ప్రతి ఇంట్లో ఒక పూట భోజనం తెలుగులో జరగాలి. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పినా పెద్దలు తెలుగు వదలరాదు; తప్పు మాట్లాడితే నవ్వరాదు, ఎందుకంటే నవ్విన రోజునే పిల్లవాడు ఆ భాష మూసివేస్తాడు. అమ్మమ్మలు, నాయనమ్మలు తమ ఊరి మాటలు, వంటింటి మాటలు, పొలం మాటలు మనుమల చేత ఒక పుస్తకంలో వ్రాయించాలి. యాకోబ్‌సెన్ చనిపోయిన భాష మాటలు ఏరినాడు. మనం బ్రతికి ఉన్న భాష మాటలు ఏరుకొనే భాగ్యవంతులము.

ఆ ఆదివారం మనుమని ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు అరగంట పట్టింది. బియ్యం నిండుకోవడం, దీపం కొండెక్కడం, పామును పురుగనడం అన్నీ చెప్పినాను. విన్నాడో లేదో అనుకొన్నాను. నాలుగు రోజుల తరువాత సాయంకాలం కరెంటు పోయింది. చీకట్లో వాడి గొంతు వినబడింది: "తాతయ్యా, లైటు కొండెక్కింది!" ప్రయోగం తప్పే. దిద్దలేదు. ఆ మాట వాడి సొత్తు అయింది; వాడే దిద్దుకొంటాడు.

ఈ ఉగాది మీ ఇళ్ళకు సకల శుభాలు తెచ్చుగాక. మీ ఇంట బియ్యం నిండుకోకుండును గాక. నిండుకొన్నా, ఆ మాట అనేవారూ, విని అర్థం చేసికొనే చిన్నవారూ ఇద్దరూ మీ ఇంట ఉందురు గాక.